బంతిపూలకు తలనొప్పి బిళ్ళ

హైదరాబాద్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా కాకినాడలో అందరూ అడిగింది ఒకటే: "చార్మినార్ ఎక్కావా?" ఎక్కలేదు. రోజూ దాని పక్కనుంచే తిరిగాను, ఎక్కలేదు. నేను ఎక్కింది గౌలిపురలో ఒక డాబా. ఆ డాబా మీద నేను వెలగబెట్టిన నిర్వాకాన్ని మా చెల్లెలు వసంత ఇప్పటికే చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేసింది. ఇక నా వైపు కథ కూడా లోకానికి తెలియాలి కదా!

వసంత మా పిన్ని కూతురు. అక్కడ ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. గౌలిపురలో మల్లేశం, యాదమ్మ అనే పాలవాళ్ళ ఇంట్లో పై గది అద్దెకు తీసుకుంది. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. దసరా సెలవులయ్యాక మాలాంటి వాళ్ళ బుర్రలకు పట్టిన బూజు దులపడానికి అక్కడ పునశ్చరణ తరగతులు పెట్టారు. వాటి గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను. అక్కడ నేర్చుకున్నది ఒక్క ముక్క కూడా లేదు.

గౌలిపుర డాబా

ఆటో వెళ్ళలేని సందు. ముందు పేడ వాసన వచ్చింది, తర్వాత ఇల్లు వచ్చింది. ఒకప్పుడు ఆ సందు నిండా గేదెలేనట. ఇప్పుడు పాలు ఊరి బయట కొట్టాల నుంచి వస్తున్నాయి. మల్లేశం మాత్రం ఒక్క దున్నపోతును వదులుకోలేదు. దాని పేరు సుల్తాన్. వాకిట్లో సగం సుల్తాన్‌ది, మిగతా సగంలో మనుషులు సర్దుకుంటారు.

మాకు గోదావరి జిల్లాల్లో దున్నపోతంటే తిట్టు. అక్కడ అది ఇంటి పెద్దకొడుకు. పొద్దున్నే పాలల్లో బాదం నూరి, బెల్లం కలిపి తాగిస్తారు. నాకిచ్చిన టీ కంటే దానికిచ్చిన పాలే చిక్కగా ఉన్నాయి. ఆ మాట వసంత చెవిలో అంటే, "నెమ్మదిగా అక్కా, అద్దె పెంచేస్తారు" అంది.

యాదమ్మ నన్ను డాబా మీదకు తీసుకెళ్ళింది. పగిలిన పాల క్యాన్లు, నూనె డబ్బాలు, ఒక పాత బాత్‌టబ్బు, అన్నింట్లోనూ బంతి మొక్కలే. నన్ను చూసి ఆమె మొదట అడిగిన మాట:

"మేడం, మీరు చెట్ల డాక్టరంట గద?"

డాక్టర్నే గానీ ఆ డాక్టర్ని కాదని చెప్పబోయాను. అప్పటికే ఆమె ఒక ఆకు తెంపి నా చేతిలో పెట్టింది. ఆకు మీద పౌడరు అద్దినట్టు తెల్లటి పొర. బూడిద తెగులు.

"దీపావళి అయినంక మాకు సదర్ ఉంటది మేడం. దున్నపోతులను సింగారిచ్చి, డప్పులతోని గల్లీ గల్లీ తిప్పుతం. మా అత్త ఉన్నన్ని దినాలు సుల్తాన్ మెడల కొన్న పువ్వు పడలే. గీ డాబా మీద పూసిన బంతే దండ. ఎండకాలంల అత్త పోయింది. ఈ ఏడు నా వంతు. బతుకమ్మకు గూడ ఒక్క మొగ్గ తెంపనియ్యలే నేను. మా మేనత్త పోశవ్వ, ఆడిబిడ్డలు అందరు కండ్లల్ల ఒత్తులేసుకొని సూస్తున్రు, ఈమె చేతులకెల్లి దండ ఎల్తదా ఎల్లదా అని."

నవ్వుతూనే చెప్పింది గానీ ఆమె భయపడుతోంది. ఇరవై ఏళ్ళుగా కోడలిగా ఉన్న మనిషి, మొదటిసారి ఇంటి పెద్దగా అందరి ముందూ నిలబడబోతోంది. నాకు జాలేసింది. జాలేస్తే నాలోని పంతులమ్మ నిద్ర లేస్తుంది. ఆ తర్వాత దాన్ని పడుకోబెట్టడం ఎవరి తరమూ కాదు.

బర్రెకు లేని సూది

రాత్రి భోజనంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. పులుసును మరిగించకుండా తాగడమేమిటని మొదట అనుమానపడ్డాను. రెండో గిన్నె అడిగేటప్పటికి ఆ అనుమానం గుర్తు లేదు. మూడో గిన్నె దగ్గర ప్రకటించాను:

"మీ బంతికి హార్మోను పని చేస్తుంది."

మల్లేశం చెంబు కింద పెట్టాడు.

"ఏందీ? హార్మోనా?"

"అవును."

"మేడం, మీరు చుట్టమసొంటోళ్ళు గని ఒక్క మాట ఇనుండ్రి. మా బాపు పాలల్ల నీళ్ళు కలిపిండేమో, నేను కాదన. గని బర్రెకు సూది పొడవలే. హార్మోను ఎక్కిచ్చి పాలు గుంజినోళ్ళు మస్తు మంది ఉన్నరు. మేం గట్ల జెయ్యలే. గౌలిపురల మా ఇంటికున్న ఇజ్జత్ గదొక్కటే. గిప్పుడు బోయి బంతి చెట్టుకు పొడుస్తమా?"

నీళ్ళ సంగతి తనంతట తనే ఒప్పుకున్న మనిషితో ఎలా వాదించాలో నాకు తెలియలేదు. అయినా మొదలుపెట్టాను. హార్మోను ఎవరో బయటి నుంచి ఎక్కించేది కాదు, మొక్క ఒంట్లోనే పుడుతుంది. మొక్కకు కాళ్ళు లేవు, జబ్బు వస్తే పారిపోలేదు. తెగులు ఒక ఆకు మీద పడగానే ఆ ఆకులో సాలిసిలిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దొంగ వచ్చాడు, తలుపులు వేసుకోండని మిగతా ఆకులకు కబురు పోతుంది. అవి ముందే సిద్ధమవుతాయి.

"లోపల్నే ఉంటే మల్ల మీరు ఇచ్చుడేంది?" అంది యాదమ్మ.

నా విద్యార్థుల్లో ఒక్కరూ ఇన్నేళ్ళలో అడగని ప్రశ్న. వాళ్ళకు నిద్ర వస్తుంది కదా పాపం.

"ఇవ్వడం కాదు, గుర్తు చేయడం. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ ఉందే, అది ఆ హార్మోనుకి దగ్గర చుట్టం. నీళ్ళలో కరిగించి పలచగా చల్లితే మొక్క తెగులు వచ్చిందనుకుని మేలుకుంటుంది."

"అంటే గోలీనా?" మల్లేశం ముఖం విప్పారింది. "గోలీ అయితే ఓకే మేడం. సూది వద్దన్న గని, గోలీ ఎవ్వలు వద్దన్నరు? గోలీ మా అవ్వ గూడ మింగేది."

శాస్త్రం ఆ ఇంట్లోకి అలా దొడ్డిదారిన వచ్చింది.

శాలిబండ

మర్నాడు తెల్లారకముందే వసంత నన్ను శాలిబండకు లాక్కుపోయింది, నహారీ తినిపించడానికి. మేక కాళ్ళు రాత్రంతా ఉడికిన పులుసు, నాలుగు మూలల రొట్టె. మా వైపు ఆ వేళకు ఇడ్లీ తింటూ ఒంట్లో బాగోలేదేమో అన్నట్టు ఉంటాం. అక్కడ జనం పొద్దున్నే పెళ్ళి భోజనానికి కూర్చున్నట్టు కూర్చుంటారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా గిన్నె చూసి, "నిమ్మకాయ పిండుకో బిడ్డా, గట్ల తింటే నహారీకి బేఇజ్జతీ" అని తన చెక్క నా గిన్నెలో పిండేశాడు. ఆయనెవరో ఇప్పటికీ తెలియదు. ఆయన పిండింది సరిగ్గా సరిపోయింది.

నాలుగడుగుల దూరంలో మందుల కొట్టు. ఆస్పిరిన్ అట్ట అడిగాను.

"ఎవ్వరికమ్మా?"

"బంతి చెట్లకి."

కొట్టాయన తల కూడా ఎత్తలేదు. "బీపీ, షుగర్ ఉన్నయా?"

లేవని నవ్వుతూ చెప్పి వచ్చేశాను. ఆ చెట్లకు షుగర్ ఉందని నాకు తర్వాత తెలిసింది.

నా వైభవం

మూడు రోజులకొకసారి చల్లాం. వారం తిరిగేసరికి బూడిద ఆగిపోయింది. పాత ఆకుల మీద అలాగే ఉంది గానీ కొత్త ఆకులు తేటగా వచ్చాయి. మొగ్గలు కట్టాయి. యాదమ్మ సందులో నలుగురికి చెప్పింది. నలుగురూ నలుగురిని తీసుకుని డాబా ఎక్కారు. ఒకామె కరివేపాకు రెమ్మ తెచ్చి చూపించింది, ఇంకొకామె మోకాలు చూపించింది. నేను రెండింటికీ సలహా ఇచ్చాను.

రెండో వారం చివర్లో ఒక రోజు యాదమ్మ నాకు జున్ను పెట్టింది. ఎవరో చుట్టాల కొట్టంలో గేదె ఈనిందట. మా ఇంట్లో జున్నంటే ఊరంతా పంచాక మిగిలిన చెంచాడు. అక్కడ పళ్ళెం నిండా పెట్టి, "గింతేనా తినేది" అని కోప్పడతారు. సగం తిన్నానో లేదో డాబా మీద నుంచి యాదమ్మ కేక వినిపించింది. పళ్ళెంతోనే పైకి పరుగెత్తాను.

మొగ్గలకు చిల్లులు! ఒక్కో చిల్లులో ఒక్కో ఆకుపచ్చ పురుగు, తల లోపల, తోక బయట. శనగపచ్చ పురుగు. దానికి బంతి మొగ్గ అంటే ప్రాణం.

"ఇదేంది మేడం? మీ గోలీ బూడిదను కొట్టిందా, పురుగులను పిలిచిందా?"

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అది పురుగుల కాలమే, నా బిళ్ళ వల్లే వచ్చాయని ఎవరూ రుజువు చేయలేరు. కానీ నా బిళ్ళ మీద అనుమానం ఎందుకు రావచ్చో నాకు తెలుసు. మొక్కలో కాపలా హార్మోన్లు ముఖ్యంగా రెండు. బూడిద తెగులులాగ బతికున్న ఆకు మీద వాలి దాని రసం మీద బతికే వాటికి సాలిసిలిక్ ఆమ్లం. నమిలి తినే పురుగులకు జాస్మోనిక్ ఆమ్లం. ఈ రెండింటికీ తోడికోడళ్ళకున్నంత సఖ్యత. ఒకటి గొంతు పెంచితే రెండోది చాలాసార్లు నోరు మూసుకుంటుంది. నేను రెండు వారాలు మొదటిదాన్ని ఎగదోశాను.

ఇదంతా యాదమ్మకు చెప్పాను. "ముందర వాకిట్లో గొడవ అవుతుంటే పెరటి తలుపు ఎవరూ చూడరు కదా, అలాగ."

"గా సంగతి మొదలే ఎర్కనా మీకు?"

"తెలుసు."

"ఎర్కుండి జెప్పలే?"

ఆమె నా చేతిలోని పళ్ళెం తీసుకెళ్ళిపోయింది. అందులో ఇంకా సగం జున్ను ఉంది.

పహిల్వాన్ బంతులు

మర్నాడు పొద్దున పురుగులు ఏరడానికి డాబా ఎక్కేసరికి అక్కడ మల్లేశం ఉన్నాడు. చేతిలో సుల్తాన్ గిన్నె. అందులో మిగిలిన బాదం పాలు ఒక్కో కుండీలో కొంచెం కొంచెంగా పోస్తున్నాడు, పసిపిల్లలకు ఉగ్గు పోసినంత ప్రేమగా.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"వినాయక చవితికెల్లి మేడం. బక్కగున్నయని. సుల్తాన్ గిదే తాగి పహిల్వాన్ అయిండు గద?"

కుండీల్లో బెల్లానికి చేరిన చీమల బారు. వాటి కింద మొదలు నిండా పచ్చి పేడ. అందుకే ఆ మొక్కలు అంత ఏపుగా, లేతగా, పట్టుకుంటే విరిగిపోయేలా ఉన్నాయి. మొక్క వంటింట్లో పొయ్యి ఒక్కటే. పెరగడానికీ, కాపాడుకోవడానికీ దాని మీదే వండుకోవాలి. పేడ పెట్టి పెట్టి పెరుగు పెరుగు అంటుంటే పెంచే హార్మోన్లకే చేతినిండా పని, కాపలా చూసే వాటికి నిప్పు మిగలదు. ఒళ్ళు పెరుగుతుంది, జబ్బుకు లొంగిపోతుంది. ఆయన బంతిని పహిల్వాన్ చేశాడు. నేను దానికి తలనొప్పి బిళ్ళ ఇచ్చాను. అందరం కలిసి దాన్ని ప్రేమతో చంపుతున్నాం.

నాకెంత సంతోషమయిందో చెప్పలేను. తప్పులో వాటాదారు దొరికాడు! పరుగున కిందికి వెళ్ళి యాదమ్మకు చెప్పాను. ఆమె మొగుణ్ణి చూసింది, నన్ను చూసింది.

"దొందు దొందే" అంది. "ఇగ లొల్లి బంద్ చేసి పురుగులు ఏరుండ్రి."

ఏరాం. వసంతకు పురుగులంటే చచ్చేంత భయం. కనుబొమలు తీర్చుకునే చిమటాతో, మొహం పక్కకు తిప్పుకుని ఏరింది. మల్లేశం బాదం పాలు మానేసి నీళ్ళు పోశాడు. పోస్తూ కుండీల వైపు చూసి, "జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు, పథ్యం పెట్టిన రోగితో చెప్పినట్టు.

పత్తర్‌గట్టి అత్తరు

నేను అక్కడితో ఆగి ఉంటే ఈ కథకు గౌరవంగా ముగింపు ఉండేది. కానీ తరగతులు అయిపోయాయి, సదర్ చూసి వెళ్దామని ఆగాను, సాయంత్రాలు ఖాళీ, వసంతకు గాజులు కొనాలి. పత్తర్‌గట్టి రాతి వరండాల కింద నడుస్తుంటే ఒక అత్తరు కొట్టు ముందు నా ముక్కు ఆగింది. ముక్కు వెనకే బుర్ర ఆగింది. జాస్మోనిక్ ఆమ్లానికి ఆ పేరు జాజి, మల్లె కుటుంబం నుంచే వచ్చింది. దాని చుట్టం ఒకటి జాజి పరిమళంలో ఉంటుంది. అది గాలిలో తేలి పక్క మొక్కకు తగిలితే, పురుగు వచ్చిందని ఆ మొక్క మేలుకుంటుందని పాఠం చెబుతూనే ఉంటాను. గాలిలో తేలే మందు, సీసాలో!

"క్యా హోనా ఆపా?" అన్నాడు కొట్టు పెద్దాయన, ఏం కావాలని.

"చమేలీ," అన్నాను, జాజికి వాళ్ళ పేరు గుర్తు చేసుకుని. "అసలుదే కావాలి."

"శాదీ హై క్యా?"

పెళ్ళి కాదు, పురుగుల కోసమని నా వచ్చీరాని ఉర్దూలో చెప్పాను. ఆయన సీసా మూత తీయబోయి ఆగాడు. పక్కనున్న మనిషితో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. వసంత సిగ్గుతో చచ్చిపోతూ అనువాదం చేసింది: వాళ్ళ అల్లుడు కూడా పండక్కి ఇంత ఖరీదైన అత్తరు అడగలేదట, నా పురుగులు అదృష్టవంతులట. ధర వినగానే నాక్కూడా అలాగే అనిపించింది. బేరమాడితే ధర తగ్గలేదు గానీ టీ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్‌తో.

దూదికి అద్ది కుండీల మధ్య కట్టాను. యాదమ్మ డాబా ఎక్కి వాసన చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"అవ్వ! పురుగులకు శోభనం జేస్తున్రా మేడం?"

అంతే, పురుగులు వచ్చాక మొదటిసారి నవ్వింది. నవ్వి నవ్వి పాల క్యాను మీద కూలబడింది. అత్తరు డబ్బులు నాకు అప్పుడే గిట్టుబాటయ్యాయి.

పురుగులు తగ్గాయి. అత్తరు వల్లో, వసంత చిమటా వల్లో, పథ్యం వల్లో నేను చెప్పను. దండకు సరిపడా పూలు మాత్రం మిగిలాయి.

సదర్

ఆ రోజు సుల్తాన్‌ను చూస్తే దిష్టి తగిలేలా ఉంది. ఒంటి నిండా నూనె, కొమ్ములకు రంగు, నెమలీకలు, కాళ్ళకు గవ్వలు. మేనత్త పోశవ్వ వచ్చి వాకిట్లో కుర్చీ వేయించుకుంది. ఆడబిడ్డ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మార్కెట్లో కొన్న పెద్ద దండ. "ఎందుకైనా మంచిదని తెచ్చిన" అంది ఆమె, అందరికీ వినిపించేలా.

యాదమ్మ దండ తీసుకొచ్చింది. కొంచెం సన్నగానే ఉంది. కానీ ప్రతి పువ్వూ డాబా మీదిదే. పోశవ్వ పూలు పట్టి చూసింది, వాసన చూసింది.

"జర పట్టుకోండ్రి మేడం, కొంగు చెక్కుకుంట" అని యాదమ్మ దండను నా చేతుల్లో పెట్టింది.

పట్టుకున్నాను. పీహెచ్‌డీ పట్టా కూడా అంత గర్వంగా పట్టుకోలేదు. ఆ గర్వంలో సుల్తాన్‌కు వీపు పెట్టి, ఫోటో తీయమని వసంత వైపు తిరిగి నవ్వాను.

జాజి అత్తరు పీల్చుకున్న బంతిపూలు, మొన్నమొన్నటి దాకా బాదం పాలు తాగిన బంతిపూలు. దాని తప్పేముంది? నా భుజం పక్కనుంచి ఒక నల్లటి మూతి వచ్చింది, తడి నాలుక వచ్చింది. నేను అరిచేలోపు సగం దండ లోపలికి వెళ్ళింది. మల్లేశం దూకేసరికి మిగతా సగమూ వెళ్ళింది, నోట్లో చెయ్యి పెట్టి లాగితే దారం ఒక్కటే చేతికొచ్చింది.

నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. యాదమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆడబిడ్డ కవరు విప్పింది.

"ఇగ ఏం జేస్తం," అంది పోశవ్వ. "గా కొన్నదే ఎయ్యి."

యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. సుల్తాన్ దగ్గరికి వెళ్ళి దాని గొంతు కింద నిమిరింది. అది ఇంకా నములుతూనే ఉంది.

"వద్దత్తా. పోయిన మా అత్త ఏమన్నది? కొన్న పువ్వు దీన్ని తాకొద్దన్నది. తాకనియ్య. ఇంటి పువ్వే ముట్టాలన్నది. ముట్టింది. ప్రతి ఏడు మంది మీదవడి దండ గుంజి గుంజి తెంపుతుండె. ఈ ఏడు ఎవ్వలు తెంపుతరో నేను గూడ సూస్త."

పోశవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. కుర్చీలోంచి లేచి, సుల్తాన్ నుదుటికి పసుపు రాసి, అదే చేత్తో యాదమ్మ చెంపకూ రాసింది.

"నీ అత్త నోరే వచ్చింది నీకు," అంది. "మంచిగైంది. నడు, డప్పులోళ్ళు ఆగిన్రు."

సుల్తాన్ బోసి మెడతో సందు దాటింది. పక్కన ముఖానికి పసుపుతో యాదమ్మ. ఆ రోజు పూల దండ లేని దున్నపోతు అదొక్కటే కాబట్టి అందరూ దాన్నే చూశారు. ఎందుకు లేదని అడిగిన ప్రతివాళ్ళకూ యాదమ్మ మొత్తం కథ చెప్పింది. ప్రతి కథలోనూ నేను ఉన్నాను.

తిరిగొచ్చేసరికి డప్పులకూ, డీజేకూ అందరికీ తలలు పగిలిపోతున్నాయి. వసంత గోడకు జారగిలబడింది, మల్లేశం తలకు తువ్వాలు బిగించాడు. సుల్తాన్ ఒక్కటే హాయిగా నెమరు వేస్తోంది. నేను కణతలు నొక్కుకుంటూ ఇంట్లో ఆస్పిరిన్ ఉందా అని అడిగాను. యాదమ్మ అలమార మీది నుంచి నా మందుల అట్ట తీసి చూపించింది. ఖాళీ. అన్నీ బంతులకు పోసేశాం.

ఆమె నా పక్కన కూర్చుని, చెంపకు పసుపు అలాగే ఉండగా, నా వీపు మీద చరిచింది.

"మందు లోపల్నే ఉంటదన్నరు గద మేడం. జర గుర్తు చెయ్యిండ్రి."